హీటు, టెంపరేచరు

హీటు అనగా ఉష్ణము. టెంపరేచరు అనగా ఉష్ణోగ్రత. 18వ శతాబ్ది నడిమి వరకు పండితులకు సైతము ఈ భేదము స్పష్టముగా లేదు. కరగనున్న మంచునకు మరికొంచెము వేడి తగిలిన చాలును, అంతయు నీరగునని తలచిరి. అట్లయినచో వసంతము రాగానే కొండల మంచు ఒక్కుమ్మడి కరగి ఊళ్ళను ముంచవలెను గదా యని గ్లాస్గో ఆచార్యుడు జోసెఫ్ బ్లాక్ వాదించెను.

1761 ప్రాంతమున ఆయన చల్లని నీటిని, అంతే బరువుగల మంచును ఒకే గదిలో ఉంచెను. నీరు అరగంటలో 33 నుండి 40 ఫారన్‌హీటు డిగ్రీలకు వచ్చెను. మంచు కరగి అంతకు చేరుటకు 10½ గంటలు పట్టెను! కరగునంతసేపును ఉష్ణము లోనికి పోవుచునే యుండును. ఉష్ణోగ్రత మాత్రము 32 దాటదు. ఈ దాగిన వేడియే గుప్తోష్ణము. ఉష్ణమాపకము చూపునది ఉష్ణోగ్రతను మాత్రమే. ఉష్ణమును లెక్కకట్టి తెలిసికొనవలెను.