రైలెక్కని కొండ, పొదల్లో పిగిలి

పాకాలలో ధర్మవరం రైలెక్కినవాళ్లు వాయల్పాడు దాటాక కిటికీ వదలకూడదు. గుట్టలు దగ్గరికొస్తాయి. ఎవరో పనిగట్టుకుని పేర్చినట్టు గుండ్లమీద గుండ్లు, సందుల్లో ముళ్లపొదలు. మదనపల్లె రోడ్డు స్టేషన్లో దిగితే మదనపల్లె రాదు, ఊరు ఇంకా పది కిలోమీటర్ల పైమాటే. పేరులో 'రోడ్డు' ఉన్న చాలా స్టేషన్లదీ ఇదే వరస!

సౌత్ ఇండియన్ రైల్వే కంపెనీ 1890ల మొదట్లో ఈ దారిన మీటర్ గేజ్ పట్టాలు వేసింది. అప్పటికి ఇరవై ఏళ్ల ముందే బి.కొత్తకోట పక్కనున్న కొండమీద దొర ఇల్లు కట్టేశాడు. మదనపల్లె అప్పట్లో కడప జిల్లాలోది, చిత్తూరు జిల్లా పుట్టింది 1911లో. కడప కలెక్టరు డబ్ల్యు.డి. హార్స్‌లీ ఎండలకు తాళలేక 1870 ప్రాంతంలో పైకి చేరాడు. ఏనుగులే పెంచిన పిల్ల కథతో ఏనుగు మల్లమ్మ కొండగా ఉన్నది, హార్స్‌లీ హిల్స్ అయిపోయింది.

ఊటీకి పళ్లపట్టాల రైలు 1899లో కూనూరు దాకా, 1908లో పైదాకా వెళ్లింది. వెనకాలే ఊరూ పెరిగింది. 1,200 మీటర్లు దాటిన మన కొండకు పట్టాలు పడలేదు. నన్నడిగితే అదే దాని అదృష్టం.

ఎందుకంటే ఇక్కడ కొండ పొదపిగిలి అనే పిట్ట ఉంది. బూడిదరంగు ఒళ్లు, పసుపు రాసినట్టు తలా గొంతూ. దక్షిణాది రాతిగుట్టల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా ఉండదు. నెల్లూరులో సర్జన్‌గా పనిచేసిన జెర్డాన్ 1845లో దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు, తెలుగు పేరునీ తన పుస్తకంలో రాసిపెట్టాడు. ఆ పేరు చెప్పిన మనవాడెవరో మాత్రం చరిత్రకెక్కలేదు. క్వారీల తవ్వకం, పొదల నరికివేత దీనికి శత్రువులు. అంతర్జాతీయ జాబితాలో ముప్పున్న పక్షుల వరుసలో చేరింది.

కొండ కిందే ఋషివ్యాలీ. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి పేరుతో ముడిపడిన బడి. బోడిగుట్టలమీద ఏళ్లతరబడి మొక్కలు పెంచారు. 1991లో ఆ లోయను పక్షుల సంరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. పక్షుల చదువును ఉత్తరాల ద్వారా నేర్పిన కోర్సూ ఇక్కడిదే.

వెళ్తే తెల్లారేసరికి కొండమీది గాలిబండ దగ్గరుండండి. ఫోన్లో కూత మోగించి పిట్టను పిలవకండి, గూడు వదిలి వస్తుంది.