అక్షికటక పరిణామము

దూరదర్శినిని ప్రశంసించువారు విశాలములైన వస్తుకటకములను, దర్పణములను కొనియాడుదురే కాని, ద్రష్ట కంటికి మిక్కిలి చేరువనుండు చిన్న అక్షికటకమును తరచుగా విస్మరింతురు. ఇది న్యాయము కాదు.

1609లో గెలీలియో ఆకాశమువైపు త్రిప్పిన గొట్టమున కంటియొద్ద నున్నది పుటాకార కటకము. దాని దృశ్యక్షేత్రము మిక్కిలి సంకుచితమగుటచే, పూర్ణచంద్రబింబమంతయు నొక్కసారిగా కానవచ్చెడిది కాదు. 1611లో కెప్లరు ఆ స్థానమున కుంభాకార కటకము నుంచవచ్చునని ప్రతిపాదించెను. ప్రతిబింబము తలక్రిందులైనను క్షేత్రము విస్తరించెను. శనివలయ రహస్యమును ఛేదించిన హైగెన్స్, తరువాతి కాలమున రెండు కటకములను ఎడముగా నమర్చి, వర్ణదోషమును చాలవరకు తగ్గించెను. ఆ అమరిక ఆనాటి అతిదీర్ఘ దూరదర్శినులకు తగినదే కాని, పొట్టి గొట్టముల కంతగా ఒప్పదు.

1849లో జర్మనీయందు కెల్నరు కంటివైపు కటకమును వర్ణదోషరహితమైన జంటకటకముగా మార్చెను. వియన్నా నగరమున సూక్ష్మదర్శినీ నిర్మాతగా పేరొందిన ప్లోస్ల్, 1860లో అట్టి జంటకటకములు రెంటిని ఎదురెదురుగా కూర్చి రూపొందించిన అక్షికటకము, సుమారు 50 డిగ్రీల క్షేత్రమును తేటగా చూపు గుణము గలదయ్యును, గడచిన శతాబ్దపు చివరి దశకములలో గాని ఔత్సాహికులకు విరివిగా లభింపలేదు. సామాన్యునికి ఇంతటి మేలు చేసిన అక్షికటకము మరియొకటి లేదని నా నిశ్చితాభిప్రాయము.

కావున, తొలి దూరదర్శినితో వచ్చిన కటకములతో తృప్తి చెందని పాఠకులు, అధిక ఆవర్ధనమును ఆశింపక, ముందుగా 32 మిల్లీమీటర్ల ప్లోస్ల్ నొకదానిని సంపాదింతురు గాక! 1000 మిల్లీమీటర్ల నాభ్యంతరము గల దూరదర్శినికి అది సుమారు 31 రెట్ల ఆవర్ధనము నొసగి, కృత్తికలలోని ప్రధాన తారల నన్నిటిని ఒక్క చూపున చూపును.