పట్టీలో పేరు లేని కష్టజీవి

జబ్బు చేసిన నాడు కూలి చేసుకొని బ్రదుకు మనిషికి రెండు నష్టములు కలుగును. ఆనాటి కూలి పోవును. మందులకు డబ్బు కావలసి వచ్చును. ఈ భారము ఒక్కరి నెత్తిన పడనీయక, పదిమంది పంచుకొను ఏర్పాటే ఆరోగ్య బీమా.

1883లో జర్మనీ ప్రభుత్వము కార్మికుల నుండియు, యజమానుల నుండియు చందా వసూలు చేసి, రోగకాలమున వైద్యమును, కొంత భృతిని ఇప్పించు శాసనము చేసెను. మన దేశములో ఆచార్య అదార్కర్ 1944లో సమర్పించిన నివేదిక ఈ మార్గమునే సూచించెను. 1948లో కార్మిక రాజ్య బీమా శాసనము వెలువడెను. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీ నగరములలో అమలునకు వచ్చెను. పట్టీలో పేరున్న కార్మికునికి డిస్పెన్సరీలో మందు, ఆసుపత్రిలో చికిత్స, పనికి పోలేని దినములకు జీతములో కొంత భాగము లభించెను. పైన చెప్పిన రెండు నష్టములకును అది పూచీ వహించినది.

అయితే, యంత్రశక్తితో ఏడాది పొడవునా నడచుచు, ఇరువదిమందికి తక్కువ గాని పనివారు గల కర్మాగారములకే ఆ శాసనము మొదట వర్తించెను. చందాను జీతము నుండి మినహాయింపవలెనన్న జీతముల పట్టీ ఉండవలెను. పట్టీ ఉండవలెనన్న యజమాని ఎవరో తేలవలెను. నాట్లకు ఒక కామందు, కలుపునకు మరొక కామందు పిలుచు కూలి స్త్రీకి యజమాని ఎవరు? తన ఇంట మగ్గము నేయువానికి, వీధిలో బండి త్రోయువానికి యజమాని ఎవరు? దేశమున శ్రమించువారిలో అత్యధికులు ఇట్టివారే.

ఈ చిక్కు కొంత విడుటకు ఆరు దశాబ్దములు పట్టెను. జీతముల పట్టీకి బదులు కుటుంబపు కార్డును, కార్మికుని చందాకు బదులు ప్రభుత్వ ధనమును ఆధారము చేసికొనిరి. 2007 ఏప్రిల్ 1న నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో ఆరోగ్యశ్రీ ప్రారంభమయ్యెను. తెల్ల కార్డు గల కుటుంబములకు పెద్ద వ్యాధుల చికిత్స, శస్త్రచికిత్సలు ఉచితముగా లభించెను. మరుసటి సంవత్సరము కేంద్ర ప్రభుత్వము రాష్ట్రీయ స్వాస్థ్య బీమా యోజనను ఆరంభించెను. దరిద్రరేఖకు దిగువనున్న కుటుంబములో ఐదుగురికి కలిపి ఏటా 30,000 రూపాయల వరకు ఆసుపత్రి ఖర్చు. కుటుంబము చెల్లించునది 30 రూపాయలు. వలస పోవువారు కార్డును రెండుగా చేయించుకొని, ఒకటి ఇంట ఉంచి, ఒకటి వెంట తీసుకొనిపోవు వీలుండెను. 2018 సెప్టెంబరు 23న ప్రారంభమైన ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజనలో అది కలిసిపోయినది. కుటుంబమునకు ఏటి పరిమితి 5 లక్షల రూపాయలయ్యెను.

ఇది గొప్ప మార్పే. గుండె శస్త్రచికిత్సకై పొలము తాకట్టు పెట్టవలసిన కుటుంబములకు ఇది పెద్ద అండ. కాని ఈ కార్డులు ప్రధానముగా ఆసుపత్రిలో చేరినవారి వైద్యమునకే చెల్లును. ఇంటివద్ద మ్రింగు మాత్రల ఖర్చు, పోయిన కూలి కుటుంబము మీదనే పడును. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆరోగ్య ఆసరా పేరిట, చికిత్స పిమ్మట విశ్రాంతి కాలమునకు రోజునకు 225 రూపాయలు, నెలకు 5,000 రూపాయలు మించకుండ ఇచ్చుటకు పూనుకొనెను. పట్టీలో పేరు లేనివారికిని దినకూలి పోవునని గుర్తించిన ప్రయత్నమది. 1952లో కర్మాగార కార్మికునికి దక్కిన ఆ రెండవ రక్షణ పొలములో పనిచేయువారికి అందరికిని దక్కవలసి ఉన్నది.