హైడ్రోపోనిక్ టవర్: సికింద్రాబాద్ మిద్దెల మీద

హైడ్రోపోనిక్ టవర్ అంటే మట్టి లేకుండా, ఎరువు కరిగిన నీళ్లతోనే మొక్కలు పెంచే నిలువు గొట్టం. అడుగున మూత ఉన్న బకెట్, అందులో చిన్న మోటారు, బకెట్ మీద నిలబెట్టిన పీవీసీ పైపు, పైపు ఒంటినిండా జేబుల్లాంటి నోళ్లు. మోటారు నీళ్లను పైకొసకు ఎత్తిపోస్తుంది. అవి పైపు లోపలి గోడ వెంట జారుతూ, వేలాడే వేళ్లను తడుపుతూ మళ్లీ బకెట్‌లోకే చేరతాయి. నాలుగు చదరపు అడుగుల జాగాలో ఇరవై మొక్కలు పడతాయి. తయారుగా దొరికే టవర్లూ ఉన్నాయి కానీ, ఇక్కడ చెప్పేది ఇంట్లో సొంతంగా కట్టుకునే వాటి సంగతి. పెరళ్లు పోయి మిద్దెలు మిగిలిన సికింద్రాబాద్‌కు ఇది బాగా నప్పింది. దానికి కావలసిన సరుకంతా ఊళ్లోనే దొరుకుతుంది. దొరికినంత తేలిగ్గా లొంగనివి ఇక్కడి నీళ్లూ, ఇక్కడి ఎండా.

పుదీనాతో మొదలు

మొక్క తినేది మట్టినా, నీళ్లనా అన్న ప్రశ్న ఐరోపాలో చాలాకాలం నలిగింది. వాన్ హెల్మాంట్ అనే వైద్యుడు 5 పౌన్ల విల్లో మొక్కను తొట్టిలో నాటి, ఐదేళ్లపాటు నీళ్లు మాత్రమే పోశాడు. చెట్టు 169 పౌన్లకు పెరిగితే మట్టి రెండే ఔన్సులు తగ్గింది. చెట్టంతా నీళ్లేనని ఆయన తేల్చాడు. ఆయన పోయాక, 1648లో, ఆ సంగతి అచ్చయింది. ఆకు గాలి నుంచి బొగ్గుపులుసు వాయువు తీసుకుంటుందన్న సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు.

ఆ తీర్పును కదిల్చింది పుదీనా. ఇంగ్లండులో జాన్ వుడ్‌వర్డ్ 1699లో ప్రకటించిన ప్రయోగాల్లో పుదీనా రెమ్మలను రకరకాల నీళ్లలో పెంచి తూచాడు. వాన నీళ్లు, థేమ్స్ నది నీళ్లు, హైడ్ పార్క్ కాలువ నీళ్లు, తోటమట్టి కలిపిన నీళ్లు. నీళ్లు ఎంత శుభ్రమైతే మొక్క అంత పేలవంగా ఉంది. మట్టి కలిపిన నీళ్లలో అది ఏపుగా వచ్చింది. మొక్కకు తిండి నీళ్లు కావు, నీళ్లలో కరిగినదే అని దాంతో తెలిసింది. సికింద్రాబాద్ మోండా మార్కెట్లో కట్టలు కట్టి అమ్మే పుదీనా ఆ జాతిదే.

1860 ప్రాంతాల్లో జర్మనీలో సాక్స్, నాప్ అనే శాస్త్రజ్ఞులు ఆ కరిగినదేమిటో విడదీసి చూపారు. నత్రజని, భాస్వరం, పొటాష్, కాల్షియం, మెగ్నీషియం, గంధకం, చిటికెడు ఇనుము. ఇవి ఉంటే చాలు, మొక్క గాజు సీసాలో కూడా పూసి కాసింది. అయినా అది ప్రయోగశాల దాటి బయటికి రావడానికి మరో డెబ్బై ఏళ్లు పట్టింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో విలియం గెరికె 1929 నుంచి తొట్లలో నీటిసాగు చేసి, పాతికడుగుల టమాటా తీగలు పెంచి పత్రికలకెక్కాడు. 1937లో దానికి హైడ్రోపోనిక్స్ అని పేరు పెట్టారు. గ్రీకులో నీరు, శ్రమ అనే రెండు మాటల కలయిక అది. శ్రమ అన్న సగం ఆ పేరులో ఉండడం సబబే అనిపిస్తుంది. అదే విశ్వవిద్యాలయానికి చెందిన హోగ్‌లాండ్, ఆర్నన్ 1938లో ఎరువుల పాళ్లు అందరికీ తెలిసేలా ప్రకటించారు. దాంతోపాటే, మంచి నేలలో వచ్చే దిగుబడి కంటే నీటిసాగులో అద్భుతంగా ఎక్కువేమీ రాదని కూడా నిక్కచ్చిగా చెప్పారు. టవర్ కట్టబోయేవాళ్లు ఆ మాటను ముందే విని ఉండడం మంచిది.

మొక్కలను నిలువుగా పేర్చాలన్న ఆలోచన వేరే దారిలో వచ్చింది. అమెరికాలో స్టాన్లీ హార్ట్ వైట్ 1938లో పచ్చటి గోడకు పేటెంట్ తీసుకున్నాడు. 1960ల నుంచి ఇంగ్లండులో అలెన్ కూపర్ వేళ్ల కింద సన్నటి పొరలా నీళ్లు పారించే పద్ధతిని తీర్చిదిద్దాడు. వాలుగా పడుకోబెట్టిన ఆ కాలువను నిటారుగా లేపి నిలబెడితే, దాదాపు ఇవాళ్టి టవర్ అవుతుంది. 1999లో కొలంబియా విశ్వవిద్యాలయంలో డిక్సన్ డెస్పొమియర్ తన విద్యార్థులతో కలిసి అంతస్తుల పొలం గురించి ఆలోచించడం మొదలుపెట్టాక, నిలువు సాగు నగరాల మాట అయింది.

కాలింపాంగ్, ఆ తర్వాత మిద్దెతోట

మన దేశంలో నీటిసాగుకు పునాది పడింది డార్జిలింగ్ కొండల్లోని కాలింపాంగ్‌లో. 1946 ప్రాంతంలో జేమ్స్ షోల్టో డగ్లస్ అక్కడ ఖరీదైన యంత్రాలు లేకుండా, కంకర, ఇసుక లాంటి వాటిలో పొడి ఎరువు చల్లి నీళ్లు పోసే పద్ధతిని రూపొందించాడు. దాని మీద రాసిన పుస్తకం 1951లో వెలువడింది. పేదవాడు కూడా పాత డబ్బాల్లో కూరగాయలు పండించుకోగలగాలన్నది ఆ పద్ధతి ఉద్దేశం. పెయింటు బకెట్‌తో టవర్ కట్టే ఇవాళ్టి మనిషికి కాలిఫోర్నియా కంటే కాలింపాంగే దగ్గరి చుట్టం.

సికింద్రాబాద్ 1806లో, మూడో నిజాం సికందర్ జా పేరుతో, కంటోన్మెంట్ చుట్టూ పెరిగిన ఊరు. చుట్టూ ఖాళీ జాగా ఉన్న బంగళాలూ, బావీ పెరడూ ఉన్న ఇళ్లూ దాని పాత రూపం. బచ్చలి పందిరి, దొడ్లో కరివేపాకు చెట్టు ఆ ఇళ్లతోపాటే ఉండేవి. మారేడుపల్లిలోనూ, చిలకలగూడలోనూ ఆ ఇళ్ల చోట్లో అపార్ట్‌మెంట్లు లేచాక పెరడు మిద్దె ఎక్కింది. ఈ మార్పుకు తెలుగులో ఒక పేరు స్థిరపడడానికి నారపల్లిలో తన ఇంటిపైన పంటలు పండించి, వాటి గురించి రాసిన కథకుడు తుమ్మేటి రఘోత్తమరెడ్డి ముఖ్య కారణం. మిద్దెతోట అన్న మాట ఇప్పుడు ఇంటింటి మాట. సాక్షి పత్రిక ఇంటిపంట శీర్షిక ఈ అలవాటును ఊరూరా చేరవేసింది. 2017లో హైదరాబాద్‌లో అర్బన్ కిసాన్ సంస్థ మట్టి లేని ఆకుకూరల సాగు మొదలుపెట్టాక, నీటిసాగు నగరవాసుల కంటబడింది. 2020 లాక్‌డౌన్‌లో కూరల కోసం గడప దాటడానికి భయపడ్డ ఇళ్లలో ఇలాంటి పనుల మీద ఆసక్తి మరింత పెరిగింది.

మిద్దెతోట ఉండగా టవర్ ఎందుకు? ఒక కారణం బరువు. అడుగు లోతు తడిమట్టి పోసిన చదరపు మీటరు మడి ఐదు వందల కిలోల దాకా తూగుతుంది. నీళ్లు నిండిన టవర్ ముప్పై కిలోలు దాటడం అరుదు. శ్లాబు ఎంత మోస్తుందో తెలియని పాత ఇంటికి ఇది చిన్న తేడా కాదు. అలాగని టవర్ మట్టిమడికి బదులు కాదు. వంగ, బెండ, సొర మడికే అందం. టవర్ ఆకుకూరలది.

రాణిగంజ్ సరుకు

పైపులు, వాల్వులు, మోటార్లు, పనిముట్లకు సికింద్రాబాద్‌లో రాణిగంజ్ పెట్టింది పేరు. టవర్‌కు కావలసిన నాలుగించుల పైపు, అంటే 110 మిల్లీమీటర్లది, అడుగుల లెక్కన కోసి ఇచ్చే దుకాణాలు అక్కడ ఉన్నాయి. సీసం లేనిదని ముద్ర ఉన్న పైపే అడగాలి. తినే ఆకు దాని గోడ మీద జారిన నీళ్లే తాగుతుంది. మోటారు విడిగా వెతకనక్కర్లేదు, ఎయిర్ కూలర్లో వాడే 18 వాట్లది చాలు. ఆరడుగుల ఎత్తు దాకా పోస్తుందని డబ్బా మీద ఉన్నా, ఆ ఎత్తుకు చేరేసరికి ధార దారంలా సన్నబడుతుంది. అందుకే పైపు ఐదడుగులకు మించకపోవడం మేలు.

ఈ పనిలో చెయ్యి తిరగాల్సింది జేబు తీయడంలో. పైపు చుట్టుకొలత 345 మిల్లీమీటర్లు. ఒక వరసకు మూడు నోళ్లు పెట్టి, ఒక్కో నోటికి 8 సెంటీమీటర్లు హ్యాక్సా బ్లేడుతో అడ్డంగా కోస్తే, నోటికీ నోటికీ మధ్య మూడున్నర సెంటీమీటర్ల గట్టు మిగులుతుంది. అంతకు తగ్గిస్తే పైపు అక్కడే వంగిపోతుంది. కోత కింది భాగాన్ని హీట్ గన్‌తో వెచ్చబెడితే ప్లాస్టిక్ మెల్లగా మెత్తబడి మెరుపెక్కుతుంది. ఆ క్షణాన గాజుసీసా మెడను కోతలో దూర్చి కిందికి వాలిస్తే, కింది పెదవి బయటికి వచ్చి జేబవుతుంది. అలాగే పట్టుకుని తడిగుడ్డ అద్దితే ఆకారం నిలుస్తుంది. తొందరపడి మరీ కాల్చితే పైపు గోధుమరంగుకు మారి ఘాటు పొగ వస్తుంది. అది ఊపిరితిత్తులకు చెరుపు చేసే ఆమ్లపు పొగ కాబట్టి ఈ పని ఎప్పుడూ ఆరుబయటే. రెండో వరస నోళ్లు మొదటి వరస గట్ల కింద పడేలా జరుపుకుంటూ, 20 సెంటీమీటర్ల ఎడంతో ఏడు వరసలు తీస్తే 21 మొక్కలకు చోటు.

మిగతాది తేలిక. మోటారు నుంచి సన్నటి గొట్టం పైపు నడిమధ్యగా పైకి వెళుతుంది. పైమూతకు వేసిన సన్నటి బెజ్జాల గుండా నీళ్లు చుట్టూ గోడలకు పడాలి. ఒక పక్కకే పడితే రెండో పక్క మొక్కలు వారంలో పాలిపోతాయి. 20 లీటర్ల బకెట్ నిండా ఉన్న నీళ్లే గాలికి టవర్ పడిపోకుండా ఆపే బరువు కూడా.

నీళ్లు, ఎండ

బోరు నీళ్లలో సున్నపు లవణాలు ఎక్కువగా ఉన్న ఇళ్లలో ఎరువు కలపకముందే, నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే ఈసీ మీటరు ముల్లు సగం ఎక్కేస్తుంది. అలాంటి చోట వాననీళ్లో, ఆర్‌ఓ నీళ్లో కలిపి పలచన చేసుకోవాలి. ఆకుకూరలకు ఈసీ 1.2 నుంచి 1.8 మధ్య, పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్య ఉంటే చాలు. ఎరువును రెండు డబ్బాల్లో విడివిడిగా కరిగించి ఉంచుతారు. ఒకదానిలో కాల్షియం నైట్రేట్, రెండోదానిలో మెగ్నీషియం సల్ఫేట్, ఫాస్ఫేట్. చిక్కగా ఉన్నప్పుడు రెండూ కలిస్తే కాల్షియం సుద్దలా విరిగి అడుగున పేరుకుంటుంది, మొక్కకు అందదు. విత్తనాల కొట్లో దొరికే 19:19:19 అనే ఎరువు ఒక్కటే పోసి ఊరుకునేవాళ్ల లేత ఆకుల అంచులు మాడడానికి కారణం కూడా కాల్షియం లేకపోవడమే.

ఎరువు కంటే కఠినమైనది వేడి. 20 డిగ్రీల నీళ్లలో లీటరుకు దాదాపు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరుగుతుంది. 35 డిగ్రీల నీళ్లలో ఏడే. రోహిణి కార్తెలో మిద్దె మీద బకెట్ నీళ్లు అంతకంటే వేడెక్కుతాయి. తెల్లగా ఉండాల్సిన వేళ్లు అప్పుడు గోధుమరంగుకు తిరిగి, పట్టుకుంటే పైతోలు జారిపోతుంది, వాసన వేస్తుంది. బకెట్‌కు తడి గోనెసంచి చుట్టడం, పైపుకు తెల్లరంగు వేయడం, పైన షేడ్ నెట్ కట్టడం, పగలంతా మోటారు ఎడతెగకుండా తిప్పడం ఇక్కడ పనికొచ్చిన ఉపాయాలు. కరెంటు పోతే మట్టిమడి రోజంతా ఓర్చుకుంటుంది. ఎండాకాలపు మధ్యాహ్నం టవర్ గంట కూడా ఓర్చుకోవడం కష్టం. ఈ లోపాన్ని దాచి టవర్‌ను పొగడడం తప్పు. కరెంటు నమ్మకం లేని ఇంటికి హవాయి విశ్వవిద్యాలయపు బెర్నార్డ్ క్రాట్‌కీ పేరుతో పిలిచే పద్ధతి మేలు. అందులో మోటారే ఉండదు. నీళ్లు తగ్గేకొద్దీ పైవేళ్లు గాలిలో ఊపిరి పీల్చుకుంటాయి.

అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా పాలకూర, కొత్తిమీర, లెట్యూస్ హాయిగా వస్తాయి. మార్చి తర్వాత కొత్తిమీర ఆకు మానేసి పూతకు పోతుంది. అప్పుడు తోటకూర, బచ్చలి, గోంగూరలదే రాజ్యం.

దోమ

బకెట్‌కు మూత ఎందుకు గట్టిగా ఉండాలో సికింద్రాబాద్‌కు ఒకరు చెప్పనక్కర్లేదు. 1897 ఆగస్టు 20న బేగంపేటలో సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్, జ్వరపు రోగిని కుట్టిన అనాఫిలిస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. ఆ పరిశోధనకు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన పనిచేసిన భవనం ఇప్పటికీ ఉంది. డెంగీ దోమకు కావలసింది శుభ్రమైన నిల్వ నీరే. 2020 మే నెలలో ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు అంటూ నగరంలో ఇంటింటా నిల్వ నీళ్లు పారబోయించిన కార్యక్రమం దాని కోసమే. టవర్ బకెట్ రెండు వారాలకోసారి మార్చే నిల్వ నీళ్లది. పైపుకూ మూతకూ మధ్య వేలు దూరేంత సందున్నా దోమకు చాలు, కాబట్టి ఆ సందును స్పాంజి ముక్కతోనో, దోమతెర గుడ్డతోనో మూస్తారు. వెలుతురు చొరబడకుండా ఉంటే పాచి కూడా పట్టదు.

పుదీనాను మాత్రం అందరికంటే అడుగు వరసలో పెట్టాలి. పై వరసలో నాటితే దాని వేళ్లు నెలన్నరలో గొట్టం నిండా అల్లుకుని నీళ్ల దారి మూసేస్తాయి. అడుగున ఉంటే నేరుగా బకెట్‌లోకి దిగుతాయి. వేళ్లు చొరబడకుండా మోటారుకు పాత మేజోడు తొడిగి, పచ్చడికి పైరెమ్మలు తుంచిన రోజే మూత తీసి కింది వేళ్లను కూడా కత్తెరతో జానెడు మేర కత్తిరిస్తే, ఆ మొక్క మళ్లీ చిగురు వేస్తుంది.