మానిపసుపు: ఎండుమొక్కల సాక్ష్యము

సంస్కృత వైద్యగ్రంథములందలి దారుహరిద్రకు తెలుగున మానిపసుపు అని పేరు. దారువనగా మాను, హరిద్ర యనగా పసుపు. తమిళులు మరమంజళ్ అనుటయు, కన్నడిగులు మరదరిశిన మనుటయు ఇట్టిదే. మాట స్పష్టముగనే యున్నది. కాని అది ఏ మొక్కను చెప్పుచున్నదో నిర్ణయింపబోయినపుడు చిక్కు కలుగుచున్నది.

దారుహరిద్ర యని సాధారణముగ గ్రహింపబడునది హిమాలయములందు పెరుగు బెర్బెరిస్ అరిస్టాటా అను ముండ్లపొద. దక్షిణదేశపు మూలికల అంగళ్లలో ఆ పేరుతోనే అమ్మబడుచు వచ్చినది మాత్రము పెక్కుచోట్ల కోసినియం ఫెనెస్ట్రాటం అను పెద్ద తీగ. ఇది పడమటి కనుమలందును సింహళమునందును పెరుగును. మన తిప్పతీగ కుటుంబమునకు చెందినది. రెంటి కొయ్యయు పసుపుపచ్చనిదే. రెంటియందును బెర్బెరీన్ అను ఆల్కలాయిడు కలదు. అంగడికి వచ్చునది ఆకును పువ్వును లేని కట్టెముక్క. కావున రంగును గుణమును చూచి జనులు రెంటిని ఒకే పేర పిలుచుట సహజము. ఆ పేరొక్కటే ఆధారముగ మొక్కను గుర్తించుట మాత్రము సాధ్యము కాదు.

ఇట్టి సందేహములను తీర్చునది హెర్బేరియము, అనగా ఎండుమొక్కల భాండాగారము. అచట మందపు కాగితముపై అణచి ఎండబెట్టిన కొమ్మను పూలతోడను పండ్లతోడను అతికింతురు. మూలను సేకరించినవాని పేరు, స్థలము, తేది, సంఖ్య వ్రాయుదురు. వాలిచ్ 1828లో ఈస్టిండియా కంపెనీ సంగ్రహమును కలకత్తానుండి లండనుకు కొనిపోయి, తొమ్మిదివేలకు పైబడిన సంఖ్యలతో జాబితా నచ్చొత్తించి, నమూనాలను ఐరోపా సంస్థలకు పంచెను. దక్షిణమున రాబర్ట్ వైట్ నీలగిరి మొక్కలను సేకరించెను. ఆయన గ్రంథములకు రంగయ్య, గోవిందు అను చిత్రకారులు బొమ్మలు వ్రాసిరి.

ఒకే నమూనాను భిన్నకాలములవారు భిన్నముగ చదువుటకు నీలగిరి పొదయే నిదర్శనము. 1820లో లెషనో దానికి బెర్బెరిస్ టింక్టోరియా అని పేరిడెను. రంగువేయుటకు పనికివచ్చునది అని దాని యర్థము. మరుసటి యేట కాందోల్ హిమాలయపు పొదను అరిస్టాటా అనెను. 1872నాటి బ్రిటిష్ ఇండియా వృక్షగ్రంథమున హూకర్, థామ్సనులు నీలగిరి పొదను అరిస్టాటాలోనే చేర్చిరి. ఆరెంట్ 1961లో సూక్ష్మభేదములను గూడ గణించి దాదాపు అయిదువందల బెర్బెరిస్ జాతులను అంగీకరించెను. నీలగిరికే పరిమితమైన బెర్బెరిస్ నీల్గిరియెన్సిస్ ఆయన పెట్టిన పేరే. తరువాతివారు వానిలో కొన్నింటిని మరల ఏకము చేసిరి. నిర్ణయములు మారినను నమూనాలు నిలిచియుండుటచేతనే ఈ పునర్విచారము సాధ్యమైనది.

నిలువనిచోట నష్టము తీరనిది. 1943 మార్చి 1వ తేది రాత్రి బాంబుదాడిలో బెర్లిన్ హెర్బేరియము చాలభాగము దగ్ధమయ్యెను. బెర్బెరిస్‌పై చిరకాలము కృషిచేసిన కామిల్లో ష్నైడరు వ్రాతప్రతులును నశించెను. తాళపత్రములు చెదలుపాలగుట చూచిన మనకు ఈ నష్టము వేరుగ చెప్ప నక్కరలేదు.

మన వైద్యగ్రంథ పరిష్కర్తలును నిఘంటుకర్తలును దీనినుండి గ్రహింపవలసినది కలదు. మానిపసుపు కనబడినచోటనెల్ల బెర్బెరిస్ అరిస్టాటా అని వ్రాయరాదు. గ్రంథము పుట్టిన సీమ యేది? చెప్పబడినది తీగయా, ముండ్లపొదయా? దానినుండి రసాంజనము తీయుట చెప్పబడినదా? డయాస్కరైడీజు పేర్కొన్న హిందూదేశపు లైకియము ఈ రసాంజనమే యనియు, అది బెర్బెరిస్‌నుండి వచ్చుననియు రాయిల్ 1830 తరువాతి దశకమున నిరూపించెను. కావున ఆ ప్రస్తావన యున్నచోట హిమాలయపు పొద యనుటకు బలము కలదు. ఇట్టి ఆధారము లేవియు లేనిచోట దేశ్యనామమును మాత్రముంచి లాటిన్ పేరును విడుచుట మేలు.