సెలవు పుచ్చుకొని – సూరతు నుండి ఓరుగల్లుకు

మన భాషలో సెలవు అను మాట చిన్నదే గాని దాని సంసారము పెద్దది. పెద్దలు పలికినప్పుడు ‘సెలవిచ్చిరి’ అందుము, అప్పుడది ఆజ్ఞ. వారిని వేడుకొన్నప్పుడు అనుజ్ఞ. విడిపోవు వేళ వీడ్కోలు. బడికిగాని కచేరీకిగాని పోనక్కరలేని దినము కూడ సెలవే. నిఘంటువు విప్పి చూచినచో వీని సరసన మరియొక అర్థము, నేడు చాలమంది మరచినది, కనబడును: వ్యయము. పూర్వులు ధనమును ‘సెలవు చేసిరి’. సెలవు దినములలో రైలెక్కి దూరము పోవు వాడుక మనలో ఎట్లు పెరిగినదో పరిశీలించునప్పుడు ఈ అర్థములన్నియు ఒకదాని వెంట ఒకటి పనికివచ్చుచున్నవి.

ఆ చరిత్రను సాధారణముగా తీర్థయాత్రలతో మొదలుపెట్టి, కొండమీది విడుదులతోను, ఉద్యోగుల దేశసంచారముతోను ముగింతురు. అందు చేరవలసి చేరనివారు కొందరున్నారు. సూరతు నగరమునకు నైరుతి దిక్కున ఆల్థాన్ అను పేట కలదు. ఒకప్పుడది చౌర్యాసీ తాలూకాలోని పల్లె. నేడు నగరపాలక సంస్థ ఎల్లలలో చేరి మేడలతో నిండియున్నది. దానికి తూర్పున ఉధనా జంక్షను, మరమగ్గముల వాడలు. వాని ఆవల లింబాయత్. ఈ ప్రాంతమున కరీంనగరము, ఓరుగల్లు, నల్లగొండ సీమలనుండి వచ్చిన తెలుగు నేతకుటుంబములు, విశేషించి పద్మశాలీలు, తరములుగా నివసించుచున్నారు. వారు ఏడాదికొకమారు చేయు రైలు ప్రయాణము వారికి విహారము, ఇంటిదారి, పిల్లలకు మాతృభాష నేర్పు బడి. ఈ మూడును ఒక్కటియైన ప్రయాణమునకు మన యాత్రాసాహిత్యమున చోటు కల్పింపవలెనని ఈ వ్యాసము యొక్క మనవి.

రైలు లేని నాటి సంగతి ముందు చూతము. ఏనుగుల వీరాస్వామయ్య చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసీ. ఆయన కొలువునుండి సెలవు పుచ్చుకొని 1830 మే 18న కాశికి బయలుదేరి, హైదరాబాదు, నాగపురము, ప్రయాగల మీదుగా కాశీ చేరి, గయ, జగన్నాథములు చూచుకొని, 1831 సెప్టెంబరు 3న మరల ఇల్లు చేరెను. పదునైదు నెలలకు మించిన ప్రయాణము. పల్లకి, బోయీలు, డేరాలు, పెద్ద పరివారము. దారిలోని వార్తలను మిత్రుడగు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళకు వ్రాసి పంపుచుండెను. అవియే ఆయన మరణానంతరము 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చైనవి, 1941లో దిగవల్లి వేంకటశివరావుగారు వానిని మరల వెలువరించిరి. అనుజ్ఞ యిచ్చు దొరలు, వ్యయమునకు ధనము, వీడ్కోలు చెప్పు మిత్రులు, అన్నియు అమరినందుననే ఆ యాత్ర సాగినది. ఆ కాలమున అట్టి భాగ్యము ఎందరికి?

ఆ భాగ్యమును చౌక చేసినది రైలు. 1841 జూలై 5న ఆంగ్లదేశమున థామస్ కుక్ అను మద్యపాన నిషేధ ప్రచారకుడు సుమారు ఐదువందలమందిని ఒక ప్రత్యేక రైలులో లెస్టరు నుండి లఫ్‌బరోకు కొనిపోయెను. మనిషికి ఒక షిల్లింగు. సామాన్యుల విహారయాత్రలు వ్యాపారముగా మారుటకు ఇది నాంది. మన దేశమున 1853 ఏప్రిల్ 16న బొంబాయి–ఠాణాల నడుమ మొదటి ప్రయాణికుల రైలు నడచినది. ఇచట రైలును మొదట నింపినవారు విహారులు కారు. తీర్థవాసులు, కూలీలు, పెండ్లివారు. వారి మూడవ తరగతి పెట్టెల దుస్థితిని గాంధీజీ 1917లో ఒక ప్రత్యేక వ్యాసమున ఎత్తి చూపెను. ఆ తరగతి 1974లో రద్దైనది.

సూరతునకును తెలుగు నేలకును చుట్టరికము రైలు వచ్చిన తరువాత కలిసినది కాదు. ఆంగ్లవర్తకులు 1611లో మచిలీపట్నమునను, 1613లో సూరతునను కొట్లు పెట్టిరి. రెండును బట్టల రేవులే. రత్నవర్తకుడగు తావెర్నియే సూరతునుండి గోలకొండకు పోవు బాటను మజిలీలతో సహా వర్ణించెను. థెవెనో అను మరియొక ఫ్రెంచి యాత్రికుడు 1666–67లో ఔరంగాబాదు మీదుగా ఆ దారిన వచ్చి, గోలకొండ చూచి, మచిలీపట్నము దాక పోయెను. ఎద్దులబండ్లకు వారముల కొలది పట్టిన బాట అది. నేసినవాని చేతినుండి పోయిన బట్ట ఆ బాటలను ఎరుగును; నేసినవాడు ఎరుగడు. అతడు తన మగ్గము గుంటలోనే యుండెను. అతడు బాట పట్టుటకు రైలు రావలసివచ్చినది.

ఆ రైలుదారి ముక్కలు ముక్కలుగా ఏర్పడినది. 1860 ఫిబ్రవరిలో అంకలేశ్వరమునుండి తాపీనది ఉత్తరపుటొడ్డున నున్న ఉత్రాణ్ వరకు రైలు నడచినది. 1864 నాటికి సూరతు బొంబాయితో కలిసినది. ఇటు నిజాము రాజ్యమున 1874లో వాడి–సికిందరాబాదు మార్గమును, 1889లో బెజవాడకు పోవు మార్గమును పూర్తియైనవి. కనుక తెలంగాణపు కూలి పడమటికి పోవలెనన్న వాడి మీదుగా బొంబాయి చేరవలెను. ఆ నగరపు కామాఠిపుర మన కామాఠీల పేరనే వెలసినది. 1900లో తాపీలోయ రైలుమార్గము ఉధనానుండి బార్డోలి, నందుర్‌బార్, అమల్‌నేర్ మీదుగా జళగాము వరకు ఏర్పడినది. 1929లో కాజీపేట–బల్లార్షా మార్గము ముగిసినది. ఈ రెంటితో సూరతు, భుసావళ్, వార్ధా, బల్లార్షా, ఓరుగల్లు ఒక్క దారమున గ్రుచ్చిన పూసలైనవి. బొంబాయి ముఖము చూడకయే సూరతు చేరవచ్చును. నేడు అహమ్మదాబాదు–చెన్నపట్టణముల నడుమ నడచు నవజీవన్ ఎక్స్‌ప్రెస్ పోవునది ఈ దారినే. సూరతునుండి ఓరుగల్లుకు సుమారు వేయి కిలోమీటర్లు; తావెర్నియే నాటి వారములు ఒక్క రోజులోపునకు తగ్గినవి.

ఈ దారిన నేతగాడు పోవుటకు కారణము కూడ బట్టయే. మిల్లుబట్టయు, మరమగ్గపు బట్టయు చేనేతను క్రుంగదీసినకొలది మనవారు షోలాపురము, భివండి, బొంబాయి, సూరతులకు తరలిరి. మగ్గము విడిచి వచ్చినవారు మరల మగ్గమునే పట్టిరి. అది మాత్రము తమది కాదు. సిరిసిల్ల సీమలో మరమగ్గములను సాంచాలందురు. గుజరాతీలో యంత్రమునకు ‘సంచో’ అని పేరు. మనిషి కంటె ముందుగా ఆ మాటయే పడమటి బాట తెలిపినట్లు తోచును.

సాంచా మీది కూలి నేసిన బట్ట కొలతను బట్టి వచ్చును. సాంచా ఆగిన దినమున కూలి లేదు. సెలవు అనగా వ్యయమను పాత అర్థము ఇచట ఎంత సార్థకమో చూడుడు! 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము ఇరువది దినముల పనికి ఒక దినము చొప్పున జీతముతో గూడిన సెలవు విధించినది. కాని కొలతకూలి మీద నడచు చిన్న కొట్లలో ఆ చట్టపు నీడ సన్నగనే పడినది. 1956లో కేంద్రప్రభుత్వము తన ఉద్యోగులకు సెలవు ప్రయాణపు రాయితీ ఏర్పరచినది. ఉద్యోగి సెలవు పుచ్చుకొనగా ప్రభుత్వము వ్యయము భరించును. నేతగాడు పుచ్చుకొనిన సెలవును అతడే భరించును: పోయిన కూలి ఒకటి, టిక్కెట్టు వెల రెండు, ఊరిలో చుట్టములకు పెట్టుబడులు మూడు. అయినను అతడు పోవును. ఈ ‘అయినను’ అను మాటలోనే మన చరిత్ర యున్నది.

ఎప్పుడు పోవును? సూరతు పంచాంగము వేరు, మన పంచాంగము వేరు. అచట బట్టల అంగళ్ళు దీపావళికి మూతపడి లాభపంచమికి తెరచుకొనును. సాంచాలును అప్పుడు విశ్రమించును. మన బతుకమ్మ అంతకు ముందే, దసరా నాళ్ళలో, వచ్చిపోవును. ఆ తొమ్మిది దినములు గుజరాతీ స్త్రీలు గర్బా చుట్టును, మన స్త్రీలు పూలపేర్పు చుట్టును వలయముగా తిరుగుదురు. ఋతువొక్కటే, వలయమొక్కటే, పాట వేరు. దసరాకు పోవలెనన్న యజమాని అనుజ్ఞ కావలెను. దీపావళికి పోయినచో బతుకమ్మ నీటిలో కలిసిపోయియుండును. అందుచేత పిల్లల బడులు మూయు వేసవియే చాలమందికి ప్రయాణకాలము. ఊరిలో పెండ్లిండ్లును అప్పుడే.

ఇక ప్రయాణము. బార్డోలి రాగానే పెద్దలు 1928 నాటి సత్యాగ్రహమును తలచుకొనవచ్చును. తరువాత నవాపూర్. ఆ స్టేషనులో సగము గుజరాతునందు, సగము మహారాష్ట్రమునందు ఉన్నది. 1960 మే 1న బొంబాయి రాష్ట్రమును విభజించినప్పుడు సరిహద్దు దాని నడుమ పడినది. ఒకే ప్లాట్‌ఫారముపై పది అడుగులు వేసిన రాష్ట్రము మారును. ఆపై ఖాందేశపు ప్రత్తిచేలు, విదర్భపు నల్లరేగడి, గాంధీజీ 1936లో నివాసమేర్పరచుకొనిన సేవాగ్రామమునకు దగ్గరి స్టేషను. బల్లార్షా దాటినంతనే వార్ధానది. తెలంగాణపు ఎల్ల దాటగనే పసుపుపచ్చని పలకలపై తెలుగు అక్షరములు కానవచ్చును. మంచిర్యాల దాటిన పిదప గోదావరి. వంతెనపై రైలు మ్రోత మారగానే కిటికీలవద్ద పిల్లలు గుమిగూడుదురు. పెద్దలు నీటిలోనికి నాణెములు విసరి చేతులు జోడింతురు. పెద్దపల్లిలో దిగినవారు బస్సెక్కి కరీంనగరమునకు, అచటినుండి సిరిసిల్లకు, మిగిలినవారు ఓరుగల్లుకు.

సూరతు నగరపాలక సంస్థ ప్రాథమిక పాఠశాలలు ఏడు మాధ్యమములలో నడచుచున్నవి. వానిలో తెలుగు ఒకటి. అది ఆ నగరపు ఔదార్యము, మనము కృతజ్ఞులము. కాని పాఠశాల ఇచ్చునది అక్షరము. మేనత్త పరిహాసము, తాత గద్దింపు, పెండ్లిపందిట పాట, బావిగట్టు తగవు, ఇవి పాఠ్యపుస్తకమున దొరకవు. వీధిలో గుజరాతీ, హిందీ, బడిలో పుస్తకపు తెలుగు మాటలాడు బాలుడు ఏడాదికొక నెల ఆ మాటల నడుమ మునిగి తేలును. ఆ నెల లేనినాడు అతని తెలుగు రెండు తరములలో ఇంటిపేరుగా మాత్రమే మిగులును. ఈ నష్టము ఏ జనాభా లెక్కలోను కనబడదు.

ఈ ప్రయాణమునకు సెలవు అను పేరు ఎంత విలువైనదో రెండు సందర్భములు తేటపరచినవి. 1994 సెప్టెంబరులో సూరతునందు ప్లేగు వార్త పుట్టగా కొద్ది దినములలోనే లక్షల కొలది జనులు నగరము విడిచిరి. అవే స్టేషనులు, అవే పెట్టెలు; కాని ఎవరును ఎవరికిని సెలవు చెప్పలేదు. అది పలాయనము. 2020 మార్చిలో కరోనా కారణముగా దేశమంతట ప్రయాణికుల రైళ్ళు నిలిచిపోయినవి. పని లేక, కూలి లేక, పోవు దారి లేక సూరతు పనివారు తమ్ము ఇండ్లకు పంపుడని వీధులకు వచ్చిరి. చుట్టు పని ఆగియుండినను అది సెలవు కాలేదు. సెలవన్నచో పోవుటకు దారి, మరల వచ్చుటకు పని, రెండును ఉండవలెను. శ్రామికులకై మొదటి ప్రత్యేక రైలు మే 1న బయలుదేరినది మన లింగంపల్లినుండియే, ఝార్ఖండులోని హటియాకు. పరాయి కూలీలను ఇంటికి పంపు స్థానమున మన నేలయు నిలిచినది. మన కూలీలు పరాయి నేలపై ఎదురుచూచుచుండిరి. ఈ రెండు దృశ్యములను కలిపి చూచిన రచనయే ఈ కాలపు యాత్రాచరిత్ర కాగలదు.

1982లో రాజుల సౌధముల పోలికతో ఒక విలాసపు రైలు మన దేశమున వెలసినది; 2021 తరువాత భారత్ గౌరవ్ పేర విహారపు రైళ్ళు నడచుచున్నవి. వానిని గూర్చి వ్రాయువారు కలరు. వీరాస్వామయ్యకు ఉత్తరములందుకొను మిత్రుడొకడుండెను. అతడు వానిని భద్రపరచినందుననే నూటతొంబది యేండ్ల నాటి బాటలను మనము నేడు చూడగల్గుచున్నాము. సూరతు నేతగాడు ఉత్తరములు వ్రాయడు. అతని యాత్ర అతని నోటనే యున్నది; మొదటి తరమువారు ముదుసలులైరి. తెలుగు రచయితలు, విశేషించి పడమటి నగరములలోనున్నవారు, వారి చెంత కూర్చుండి అడుగవలెను: మొట్టమొదట ఏ రైలెక్కితివి? మూటలో ఏమి తెచ్చితివి? ఏ స్టేషనులో మన మాట వినబడుట ఆగినది? మరల ఎచట వినబడినది?

ఆల్థాన్‌లో మేడలు లేచుచున్నవి. పాత పల్లె పోయినట్లే పాత జ్ఞాపకములును పోవును. ఆ ముదుసలులు మనకు తుది సెలవు చెప్పకముందే, మాటలాడ సెలవిండని వారిని వేడుకొనుట మన విధి.