ఫిగర్ స్కేటింగ్ జంప్‌లు: ఒంటి సాగుదల, బలం

ఫిగర్ స్కేటింగ్‌లో ఎగిరి, గాలిలో చుట్లు తిరిగి, ఒంటికాలిపై దిగడానికి చేసే శరీర సాధన ఇది. మంచు ఆటకు చక్రాల రూపమైన ఆర్టిస్టిక్ రోలర్ స్కేటింగ్‌లో తెలుగువారికి గుర్తింపు తెచ్చినవారు హైదరాబాద్‌కు చెందిన అనూప్ కుమార్ యామా. 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఆయన పురుషుల ఫ్రీ స్కేటింగ్‌లోనూ, అవని పంచాల్‌తో జోడీగానూ కాంస్యాలు గెలిచారు. 2015 అర్జున అవార్డు పొందారు.

ప్రధాన జంప్‌లలో యాక్సెల్ ఒక్కటే ముందుకు సాగుతూ ఎగిరేది. దిగడం మాత్రం వెనక్కి సాగుతూనే కనుక సింగిల్ యాక్సెల్‌కూ ఒకటిన్నర చుట్లు కావాలి. గాలిలో ఉండేది సెకనులోపే. చేతులు ఛాతీకి లాక్కుంటే చుట్టు వేగం పెరుగుతుంది. ఆ బిగువును నిలిపేవి పొట్ట, వెన్ను కండరాలు. దిగేటప్పుడు ఒంటి బరువుకు కొన్ని రెట్ల భారం ఒకే కాలిపై పడుతుంది. అందుకే ఒంటికాలి గుంజీళ్లు, పిక్కల కసరత్తు, స్కిప్పింగ్ ముఖ్యం.

సాగుదల అనగానే కాళ్లు బారచాపడమే గుర్తొస్తుంది. నిజానికి జంప్‌కు మొదట కావలసింది చీలమండ, తుంటి కదలిక. చీలమండ వంగకపోతే దిగేటప్పటి దెబ్బ మోకాలికి, నడుముకు చేరుతుంది. సాధనకు ముందు కాళ్లు ఊపడం వంటి కదిలే కసరత్తులు చేయాలి. చాలాసేపు కండరాన్ని సాగదీసి ఉంచితే ఎగిరే శక్తి కాస్త తగ్గుతుంది, కనుక అది సాధన తర్వాతకు. ఎదిగే పిల్లల్లో మోకాలి చిప్ప కింద నొప్పి వస్తే జంప్‌లు తగ్గించాలి.

ఈ కసరత్తులకు మంచు అక్కర్లేదు. ఆదోని, ఎమ్మిగనూరు వంటి ఊళ్ల పిల్లలు కూడా బడి మైదానంలోనే చేసుకోవచ్చు.